బల్ల కింద అణుబేరం

రియాక్టర్ల ఫ్యాక్టరీలో అమ్మకాల మేనేజర్‌ని అందరూ బేరాలాయన అనేవారు. కొన్నాళ్ళుగా ఒక్క బేరమూ తగలక ఆ పేరు తిట్టులా వినబడుతోంది. చివరికి ఒకటి తగిలింది. తగిలింది శత్రుదేశం నుంచి. ఇదీ చెయ్యిజారితే ఫ్యాక్టరీ గేటుకి తాళమేనని యజమాని చెప్పేశాడు.

అడ్డుపడ్డవాడు సొంత బావమరిది. అదే ఫ్యాక్టరీలో భద్రతాధికారి. శత్రు విమానాలొస్తే ఎక్కడ దాక్కోవాలో అందరిచేతా నెలనెలా డ్రిల్లు చేయిస్తాడు గనుక ఆయన పేరు సైరన్.

"పగవాడికి రియాక్టర్ అమ్ముతావా బావా? దాంతో బాంబు చేసి మన నెత్తినే వేస్తే?"

"కరెంటుకిరా అది. పాపం, చీకట్లో ఉన్నారు."

"దీపం పెట్టుకుంటారని అగ్గిపెట్టె ఇచ్చి, మన కొంప అంటుకున్నాక ఏడుస్తావా?"

"వైరం వేరు, బేరం వేరు. నీకు భయం, నాకు బయానా!"

"మీ అరుపులకే గోడలు కూలేట్టున్నాయి, ఇంక వాళ్ళ బాంబు దండగ," అంది వంటింట్లోంచి బేరాలాయన భార్య, అనగా సైరన్‌కి అక్క. "వాళ్ళు వేషాలేస్తే ఇక్కణ్ణుంచే ఆపేసేలా ఒక మీట పెట్టండి. అది మన దగ్గరే ఉంచుకోండి."

సైరన్ మెత్తబడ్డాడు. యజమానికీ నచ్చింది. మీట షరతును ఒప్పందం చివర అనుబంధంగా చేర్చారు. టైపిస్టు దాన్ని 'అణుబంధం' అని కొట్టినా, విషయానికి అతికినట్టుందని ఎవరూ దిద్దలేదు.

కొనేవాళ్ళ తరఫున ఒక కళ్ళజోడాయన వచ్చాడు. మీట మాట వినగానే కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. బేరాలాయన ఒప్పందం కాగితాలు ఆయన ముందుకి ఇంకాస్త జరిపాడు. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

ఆ రోజు డ్రిల్లు ఉందని బావ మర్చిపోయాడు, బావమరిది మర్చిపోలేదు. "శత్రు విమానాలు! బల్లల కిందికి!" అంటూ తలుపు తోసుకొచ్చాడు. కొత్తాయన్ని చూసి కాస్త తటపటాయించి, "మీరూ దూరండి సార్. రూలు రూలే," అన్నాడు.

ముగ్గురూ బల్ల కింద ఇరుక్కున్నారు. మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయి.

"ఈ విమానాలు ఎవరివండీ?" మర్యాదగా అడిగాడు కళ్ళజోడాయన.

బేరాలాయన బావమరిదివైపు చూశాడు. "అంటే... ఊరికే... ఎవరివో..."

"మొహమాటపడకండి. మా ఆఫీసులోనూ ఇదే డ్రిల్లు. అక్కడ విమానాలు మీవి."

"మా భాష ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అన్నాడు బేరాలాయన.

"మీ రేడియోలో మమ్మల్ని తిట్టేది రోజూ వింటాను కదా."

కళ్ళజోడాయన బల్లని అడుగునుంచి వేలితో తట్టి చూసి జాలిపడ్డాడు. "ఈ చెక్క ఏం ఆపుతుందండీ? మేం నేలమాళిగలకి ఉక్కు తలుపులు చేస్తాం. మీకు భయపడీ భయపడీ ఆ పనిలో ఆరితేరిపోయాం. మీరు అవి కొనండి, మీ మీటకి మేం ఒప్పుకుంటాం."

సైరన్ మొహం వెలిగిపోయింది. నేలమాళిగ కావాలని ఆయన అడగని రోజు లేదు. "ఒప్పేసుకో బావా!" అని మోచేత్తో పొడిచాడు.

"పగవాడి తలుపులురా!"

"వైరం వేరు, బేరం వేరన్నది నువ్వేగా?"

బల్ల కింద చేతులు కలిశాయి. శత్రువుతో కలపడం చేతులకి అలవాటు లేదేమోగానీ, కింద జరిగే బేరం ఆ బల్లకి మాత్రం కొత్త కాదు.

రియాక్టర్ ఓడెక్కింది, తలుపులు ఓడ దిగాయి. గేటుకి తాళం తప్పింది. శత్రువు చేతికి రియాక్టర్ వచ్చింది గనుక ముప్పు పెరిగిందని, డ్రిల్లు వారం వారం పెట్టారు.

కొత్త నేలమాళిగలో మొదటి డ్రిల్లుకి తలుపులు చూపించడానికి కళ్ళజోడాయనే వచ్చాడు. బావమరిది పైన సైరన్ మోగించి, అందరినీ తోలుకుంటూ తనూ లోపలికి పరుగెత్తాడు. తలుపు ధడాలున మూసుకుంది. బేరాలాయన చీకట్లో ఉక్కు మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిమాడు.

"ఏవండీ! గడియ బయట పెట్టారేంటండీ?"

బయటనుంచి అదే మర్యాద వినబడింది. "మీట మీ దగ్గరుంది కదండీ. గడియ మా దగ్గర ఉండనివ్వండి."

పైన సైరన్ మోగుతూనే ఉంది. దాన్ని ఆపాల్సిన మనిషి లోపల బావ పక్కనే నిలబడి ఉన్నాడు.