రెండు సీట్ల అంబాసిడర్

ప్రపంచంలోకెల్లా అందమైన స్పోర్ట్స్ కార్లు వాకాడులో తయారవుతాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ప్రపంచమంటే పక్క ఊరు కోట నుంచి తూపిలిపాలెం దాకా అనుకోవాలి. తయారీ అంటే పడవలకి ఫైబర్ అతికే రేకుల షెడ్డులో పెంచల్ ఒక్కడు చేసే పని. ఇక అందమంటారా, కాస్త దూరం నుంచి, అదీ కళ్ళలో ఇసక పడినప్పుడు చూడాలి.

పెంచల్ రోజూ పొద్దున్నే షెడ్డు తెరిచి, టీ తాగి, ఫోన్‌లో పాతకాలపు ఇంగ్లీషు కారు బొమ్మ ఒకటి పెట్టుకుంటాడు. ఎదురుగా ఏ ముసలి అంబాసిడరో ఫియట్టో ఉంటుంది. దాని ఇంజిన్, గేర్‌బాక్సు, ఇరుసులు బయటికి తీసి, ఇనుప గొట్టాల చట్రంలో కూర్చోబెట్టి, పైన ఫైబర్ ఒళ్ళు తొడుగుతాడు. రెండే సీట్లు. టాపు ఉండదు. ముక్కు మాత్రం ఎంత చెక్కినా పడవ ముక్కులాగే వస్తుంది. చేతి అలవాటు.

కోతకి ముందు ఒక పద్ధతుంది. పాతబండి సొంతదారు వచ్చి, బానెట్ మీద చెయ్యేసి 'పో' అనాలి. 'పోయిరా' అనకూడదు. అంటే వస్తుంది. ఇది పెంచల్ పెట్టిన పద్ధతి కాదు, బండ్లే నేర్పించాయి. మొదటిసారి ఒక ఫియట్‌కి దాని యజమాని మర్యాదగా 'పోయిరా తల్లీ' అన్నాడు. అది నీలిరంగు స్పోర్ట్స్ కారై చెన్నై చేరిన వారానికి, తెల్లారేసరికి ఆయన గొడ్లపాకలో ఉంది. ఆవు కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. వస్తుంది గదా మరి, రమ్మంటే.

చిక్కల్లా ఎక్కడంటే, గడప దాటేవాళ్ళని 'పో' అనడానికి మన వైపు నోరు రాదు.

ఆదిశేషమ్మకి అసలే రాదు. ఆమె మొగుడు ఓబులేసు ముప్పై ఒక్క ఏళ్ళు వాకాడు నుంచి గూడూరుకి అంబాసిడర్‌లో సర్వీసు కొట్టాడు. మనిషికింత చొప్పున పదిమందిని కుక్కేవాడు. పదకొండోవాడు డిక్కీలో. పోయిన ఆషాఢంలో ఆయన కాలం చేస్తే, కూతురు సాయిలక్ష్మి బండిని పెంచల్‌కి ఇచ్చేసింది.

"పెద్దమ్మా, మూడుసార్లు చెప్పినా. ఏమనాలి?" అన్నాడు పెంచల్.

"పో అనాల. నాకేం తెలవదా?"

ఆమె బానెట్ మీద చెయ్యేసింది. దుమ్ము తుడిచింది. "పోయిరాయ్యా" అంది.

పెంచల్ నెత్తి కొట్టుకున్నాడు. "ఏందే పెద్దమ్మా!"

"అలవాటు అబ్బయ్యా."

ఒకసారి అన్న మాట ఆ ప్రయాణానికంతా చెల్లుతుంది. బండి తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరేటప్పుడే మాట మార్చే వీలు. సరే, చూద్దాంలే అనుకుని పెంచల్ కోత మొదలుపెట్టాడు. మూడు నెలల్లో అంబాసిడర్ ఎర్రటి రెండు సీట్ల బండైంది. కోవూరు నరేంద్రబాబు కూలింగ్ గ్లాసులు పెట్టుకుని వచ్చి, కొని తోలుకుపోయాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం రెండింటికి అది ఆదిశేషమ్మ వాకిట్లో ఉంది.

"పెంచలా, నా బండి యాడరా?" ఫోన్‌లో నరేంద్రబాబు.

"పెద్దమ్మ ఇంటికాడుండాది సార్. భోజనానికొచ్చినట్టుంది."

"భోజనానికా? కారా?"

"రెండింటికే గద సార్ ఓబులేసు మామ తినేది."

నరేంద్రబాబు డ్రైవర్ని పంపించాడు. ఆదిశేషమ్మ గడపలో నిలబడి మళ్ళీ "పోయిరాయ్యా" అంది. మళ్ళీ వచ్చింది. మొదటిసారి బండిలో బీడీ వాసన మాత్రమే ఉంది. రెండోసారి స్టీరింగ్ వెనక సీటు ఎవరో కూర్చున్నట్టు గుంటపడి ఉంది. మూడోసారి హారన్ రెండుసార్లు పొట్టిగా మోగింది, అన్నం వడ్డించమన్నట్టు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి బానెట్ మీద పెట్టింది. ఎండలో, ఎవరూ ముట్టుకోకుండానే, చెంబు ఖాళీ అయింది. అయిదోసారి ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుని అట్నే ఉండిపోయింది. ఎవరూ ఎక్కలేదు. సాయంత్రానికి మెల్లగా మూసుకున్నాక డ్రైవర్ తోలుకుపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సాయిలక్ష్మి, తల్లి మంచం కింద గుడ్డమూట చూసింది. రెండు చీరలు, ఆకువక్కల పెట్టె.

"యాడికమ్మా?"

"మీ నాయన పిలస్తా ఉండాడు. ముప్పై ఏళ్ళు ఆ బండిలో నాకు ముందుసీటు దొరకలా. ఎప్పుడూ జనమే. ఇప్పుడు రెండే సీట్లు గదా మే." కొత్త పెళ్ళికూతురిలా నవ్వింది. "అయినా ఆయన్ని పాడె మీద ఎత్తుకుపోయేటప్పుడు కూడా నేను అదే మాట అన్నా. పోయిరాయ్యా అని. మాట మీద వచ్చినోణ్ణి ఒక్కణ్ణే పంపిస్తే ఎట్టా?"

తెల్లారగానే సాయిలక్ష్మి షెడ్డుకి పరిగెత్తింది. "అన్నా, నువ్వు పెట్టిన సీటు మా అమ్మని తీసుకుపోతా ఉండాది."

పెంచల్ ఆదిశేషమ్మ చేతి చేపల పులుసు తిని పెరిగినవాడు. కాసేపు ఆలోచించి, రెజిన్ జిగురు డబ్బా, ఫైబర్ గుడ్డ తీసుకుని బయల్దేరాడు. ఎడమ తలుపుని లోపలి నుంచి అతికేస్తే ఇక తెరుచుకోదు, తెరుచుకోకపోతే ఆమె ఎక్కదు. ఆలోచన బాగానే ఉంది.

రెండింటికి బండి వచ్చి ఆగింది. గాలి లేదు. కొబ్బరాకులు కూడా కదలడంలేదు. పెంచల్ పక్కసీట్లోకి దూకి, తలుపు లాక్కుని, గబగబా గుడ్డ పరిచి జిగురు పూశాడు. పక్కనున్న ఖాళీ సీటు దగ్గింది. అతను అటు చూడలేదు.

అంతలో ఆదిశేషమ్మ మూటతో గడప దాటింది. జడలో కనకాంబరాలు.

"దిగు అబ్బయ్యా. అది నా సీటు."

పెంచల్ దిగలేదు. చెమటలు కారుతున్నాయి. సీటు అంచులు రెండు చేతులా పట్టుకుని, గూడూరు బస్టాండులో క్లీనర్లు అరిచినట్టు అన్నాడు. "సీటు నిండింది పెద్దమ్మా! వెనక బండికి రా!"

గేరు దానంతటదే పడింది. బండి కదిలింది.

"అమ్మా, 'పో' అను!" సాయిలక్ష్మి అరిచింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. "వద్దమ్మా! అన్న లోపలుండాడు!"

ఆదిశేషమ్మ నిలబడిపోయింది. పోయిరా అంటే ఇద్దరూ వస్తారు. రేపు ఆ సీటు మళ్ళీ ఖాళీగా ఉంటుంది, ఎల్లుండి ఉంటుంది, ఏదో ఒకరోజు తను ఎక్కుతుంది. పో అంటే ఇద్దరూ రారు. పెంచల్‌కి ముప్పై ఏళ్ళు కూడా లేవు. బండి వీధి మలుపు దాకా వెళ్ళి, మాట కోసం ఆగినట్టు ఆగింది.

ఆమె మూట కింద పెట్టింది. నడిచి వెళ్ళి కుడి తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడ ఫైబర్ మనిషి ఒళ్ళంత వెచ్చగా ఉంది.

"ఏమయ్యా," అంది. తలుపు మీద దుమ్ము తుడిచింది. మళ్ళీ అంది. "ఏమయ్యా, నువ్వు పో."

తర్వాత అటు తిరిగి, "అబ్బయ్యా పెంచలా, నువ్వు పోయిరా."

ఆ ప్రయాణం గురించి పెంచల్ చెప్పింది ఇదీ. బండి పాత స్టాపులన్నిట్లో ఆగింది. తలుపు తెరుచుకోలేదు, అయినా జనం ఎక్కారు. కనపడలేదు గానీ ఒకరి తర్వాత ఒకరు అతని ఒళ్ళో కూర్చున్నారు. ఐసు పెట్టెలో చేపల్లాగా చల్లగా ఉన్నారు. చెవి పక్కనే ఒక ఆడగొంతు "కాస్త జరుగు నాయనా" అంది. అతను లెక్కపెట్టాడు. పదిమంది. డిక్కీలో ఎవరో దగ్గారు. కోట దాటాక బండి గూడూరు దారి వదిలేసి సరుగుడు తోటలోకి తిరిగింది. చెట్ల మధ్య ఎర్రరంగు పలచబడింది, తర్వాత చప్పుడు పలచబడింది. అతను కళ్ళు తెరిచేసరికి ఇసకలో ఉన్నాడు.

పొద్దుగూకే వేళకి నడిచి వచ్చాడు. మొలకి ఎవరో జాలరి ఇచ్చిన తువ్వాలు తప్ప నడుం కింద ఏమీ లేదు. లుంగీ ఏదిరా అని అడిగితే, ఓబులేసు మామ గుర్తుగా అడిగాడు, కాదనలేక ఇచ్చినా అన్నాడు. విన్నవాళ్ళు చేతులెత్తి దణ్ణం పెట్టారు.

బండి మళ్ళీ రాలేదు. నరేంద్రబాబు మోపెడ్ కొనుక్కున్నాడు. ఆదిశేషమ్మ మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం రెండింటికి పెంచల్‌కే అన్నం. "నా చోట్లో కూర్చున్న బిడ్డ" అని వచ్చినవాళ్ళందరికీ చూపించి, చేప నడిముక్క అతని కంచంలోనే వేస్తుంది.

నెలరోజులు తిన్నాడు. ముప్పై ఒకటో రోజు ముక్క గొంతు దిగలేదు. చెయ్యి కడుక్కుని, సాయిలక్ష్మి నీళ్ళకి బయటికి పోయేదాకా ఆగి, నేలచూపులు చూస్తూ చెప్పేశాడు.

"పెద్దమ్మా, నీ కోసమని కాదు. నువ్వు గడప దాటినప్పుడే దిగి పారిపోదామని చూసినా. డబ్బా సీట్లో ఒలికిపోయింది. లుంగీ అతుక్కుపోయింది."