వదులుకోవడానికి చూపించిన తేనె

మధ్యాహ్నం పన్నెండున్నరకు పెద్ద దేశంతో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో తేనె లేదు.

ఆ సంగతి అక్కకు రేడియోలో తెలిసింది. అప్పుడామె గోదాములో పీపాల మూతలు బిగిస్తోంది. చుట్టుపక్కల తేనెటీగలు పెంచేవాళ్ళంతా తేనె తెచ్చి ఆమె చేతిలో పెడతారు. వడకట్టి, సీసాలకెత్తి అమ్మిపెట్టే పని ఆమెది. ఈ ఏడు పాత వర్తకుడు వస్తే సరుకు లేదని తిప్పి పంపింది. "అక్కా, ఒక్క గరిటె బయటికి పోనివ్వకు, పెద్ద దేశం తలుపు తీస్తోంది" అని ఆమెకు చెప్పినవాడు చర్చల బృందంలో ఉన్న సొంత తమ్ముడు. పెంపకందార్లు గొణిగితే, "మా తమ్ముడు మాటిచ్చాడు" అని నోళ్ళు మూయించింది.

సాయంత్రం తమ్ముడు ప్రభుత్వ కారులో వచ్చాడు. పెంపకందార్లలో పెద్దవాడైన బాబాయి అప్పటికే గోదాములో పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఏదీ నీ తలుపు?" అంది అక్క.

"ఆఖర్న వదులుకోవాల్సొచ్చిందక్కా. దానికి బదులు మన బట్టల మీద సుంకం ఎత్తేశారు. దేశానికి మంచిదేగా."

బాబాయి తలెత్తాడు. "మరి పోయిన నెల ఆ పెద్ద దేశం వాళ్ళని ఇక్కడికెందుకు తీసుకొచ్చావు బాబూ? పీపాలన్నీ వరసగా పేర్పించావు. నాచేత కూడా మోయించావు."

"బేరం అట్లాగే ఉంటుంది బాబాయ్. వదులుకునేది ఎంత పెద్దగా కనబడితే అవతలివాళ్ళు అంత దిగొస్తారు. ఖాళీ గోదాము చూపిస్తే ఏమిస్తారు?"

"ఓహో, మమ్మల్ని తూకం రాయిని చేశావన్నమాట. అరిగిపోలేదు కదా, మళ్ళీ వాడుకో."

అక్క నవ్వలేదు. "అంటే, వాళ్ళని తెచ్చిన రోజే నీకు తెలుసు."

తమ్ముడు పీపా మూత మీద వేలితో గీస్తూ నిలబడ్డాడు. "చర్చలు మొదలయ్యే ముందే ఒకటి పక్కన పెట్టుకుంటాం, చివర్లో వదలడానికి. అందరూ పెట్టుకుంటారక్కా."

"నాతో ఒక్క మాట అనుంటే పాత వర్తకుణ్ణి పంపేసేదాన్నా?"

"చెబితే నీ మొహంలో కనబడిపోయేది. నీకు నిజం దాచడం రాదు."

"నీకెప్పుడొచ్చిందిరా?"

అతను వాచీ చూసుకున్నాడు. "రేపు వాళ్ళు బయల్దేరుతున్నారు. ఆ రోజు రుచి చూసింది మర్చిపోలేదట. రెండు సీసాలిస్తే తీసుకెళ్తాను" అన్నాడు.

అక్క రెండు సీసాలు దించి, కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. వాటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఇది నా తేనె కాదు. బాబాయిని అడుగు."

బాబాయి తన చెప్పుల వంక చూస్తున్నాడు. తమ్ముడు అటు తిరిగాడు గాని అడగలేదు.

ఆరింటికి కారు వెళ్ళిపోయింది. సీసాలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. అక్క పాత వర్తకుడికి ఫోను చేసింది. ఈ ఏటికి కావలసిన తేనె వేరేచోట కొనేశానని అతను చెప్పాడు.