మోటారుకి కట్టిన గుడ్డ

మెకానిక్ శౌరయ్య నోటికి జడిసి వన్ టౌన్‌లో చాలామంది ఇంజను మొరాయించినా నాలుగు రోజులు ఓర్చుకునేవాళ్లు. తెచ్చినవాడి ఏడు తరాలనూ కడిగి ఆరేస్తే గానీ అతను పానా పట్టేవాడు కాదు. అలాంటి మనిషి ఆ రోజు పనిముట్ల సంచి భుజాన వేసుకుని, బ్యారేజీకి ఎగువనున్న లంకకి తానే బయల్దేరాడంటే, జక్కయ్య మీద ఎంత మండిపోయాడో అనుకోండి.

జక్కయ్యది లంక పడవ. దానికి చర్చివాళ్లు ఎప్పుడో ఇచ్చిన పాత మోటారు తగిలించి ఉంటుంది. దాని కింది భాగం ఏట్లో మునిగి, పక్కనున్న జాలీలోంచి నీళ్లు పీల్చి ఇంజనుని చల్లబరుస్తుంది. పీల్చే పని లోపలి రబ్బరు చక్రానిది. ఆ చక్రం ఇప్పటికి మూడుసార్లు మాడింది. మొదటిసారి పోయినేడు జూలైలో, సరిగ్గా నడి ఏట్లో. అప్పుడు పడవలో జక్కయ్య కూతురు మార్త పురిటినొప్పులు పడుతోంది. తెడ్లు వేసుకుంటూ ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది, బిడ్డ దక్కలేదు. మార్తకి ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. మోటారు మళ్లీ ఆగింది.

"రబ్బరు మాడిందంటే నీళ్లందలేదన్నమాట. బురదలో ఈడుస్తన్నావా ఏందయ్యా? నీకు మోటారు కాదు, దున్నపోతునివ్వాల!" అంటూ శౌరయ్య గట్టు మీదే మోటారు విప్పాడు.

జక్కయ్య తల వంచుకుని విన్నాడు. లోపల చక్రం రెక్కలు కాలిన అప్పడంలా విరిగి వచ్చాయి. శౌరయ్య ముక్కలన్నీ ఏరి, నీటిదారులు ఊది, కొత్త రబ్బరు బిగించి మోటారుని పడవకి తగిలించాడు.

అంతలో జక్కయ్య భార్య అమలమ్మ మోకాలిలోతు నీళ్లలోకి దిగింది. ఉతికి మడిచిన చీరముక్క నాలుగు పొరలుగా జాలీ చుట్టూ చుట్టి, తాడుతో బిగించి ముడేసింది. శౌరయ్య పానా దించి ఆమె వైపు తిరిగాడు.

"ఇదేందమ్మా?"

"ఎర్రనీళ్లు కదన్నయ్యా. మనమే బిందెకి గుడ్డ కట్టి వడగట్టుకుని, ఇండుపగింజ అరగదీసి తేర్చుకుని తాగుతాం. నోరులేని మోటారు, దానికి మాత్రం బురద పట్టిస్తామా?"

"ఎప్పట్నించి కడతన్నావు?"

"పోయినేడు తొలి వరద కాణ్ణించీ. అమ్మాయి పురుటికి ఎక్కాల్సిన పడవ గదా అని, ఒక్కరోజు కూడా మరవలేదు."

శౌరయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. పోయినేడు తొలి వరద జూన్‌లో వచ్చింది. నాలుగు పొరల గుడ్డకి ఒండ్రు పడితే నీటిచుక్క దూరదు. చెప్పకపోతే రేపు మళ్లీ కడుతుంది. చెబితే, మనవడిని తన చేతులతోనే చంపుకున్నానని ఈ తల్లి బతికినన్నాళ్లూ కుమిలిపోతుంది. అతనికి ఆమె మీద పట్టలేనంత జాలి కలిగింది.

"మంచి ఆలోచనే చెల్లెమ్మా. పాత రబ్బరుకి గుడ్డ ఉండాల్సిందే. ఇది కొత్తరకం, దీనికి గుడ్డ పడదు. ఇంకెప్పుడూ కట్టమాక," అంటూ ముడి విప్పాడు.

అమలమ్మ అతని మొహంలోకి చూసింది. "మరి అప్పుడు ఆగిపోయింది..."

"రబ్బరుకి కాలం తీరింది. నీ గుడ్డే లేకపోతే ఇంకా ముందే పోయేది."

ఆమె కళ్లొత్తుకుని, చీరముక్క పిండుకుని గట్టెక్కింది.

జక్కయ్య అతన్ని అవతలి ఒడ్డుకి దించడానికి మోటారు తాడు లాగాడు. ఇంజనుకి నీళ్లందుతున్నట్టే, వెనక బెజ్జంలోంచి నీళ్లు ధారగా పడ్డాయి. లంక కనుమరుగయ్యాక జక్కయ్య నెమ్మదిగా అన్నాడు:

"అమ్మాయిని పురుటికి తీసుకెళ్లిన ఆ రోజే గుడ్డ విప్పి చూశానండి. అంగుళం మందాన బురద."

"తెలిసీ మళ్లీ కట్టనిచ్చావా?"

"వద్దంటే ఎందుకని అడిగిద్దిగదండీ. దాని ముందు నాకు అబద్ధం నిలవదు. అది గట్టు మీద నుంచుని చూసినంతసేపూ ఉంచి, మలుపు తిరిగాక విప్పేవాణ్ణి. ఆ కాసేపటికే రబ్బరు కొంచెం కొంచెంగా మాడేది." జక్కయ్య వెనక పడుతున్న నీటిధార వైపు చూశాడు. "రేపు మార్తని ఎక్కించుకునేటప్పుడు ఎట్టా రా దేవుడా అని నెలరోజులుగా నిద్దర్లేదు. మీ మాట నమ్మింది శౌరయ్యగారూ. నమ్మింది."