సిద్ధమ్మ తొక్కిన ముగ్గు

అడవికి పటం గీయండమ్మా అంటే, నల్లగుండ్లపల్లె ఆడవాళ్లు నాలుగు మూలలా నాలుగు పద్మాలు వేసి కూర్చున్నారు. మరేం చేస్తారు! రెండువేల మూడులో వనసంరక్షణ సమితి మీటింగ్ పెట్టి, అడవిని ఎలా చూసుకోవాలో ఇకమీదట ఊరే చెప్పాలన్నాడు ఫారెస్టర్ ధనుంజయ. అంటూ ముగ్గుబుట్ట తెచ్చి వాళ్ల చేతికే ఇచ్చాడు. ముగ్గు తగిలాక వేళ్లు ఊరుకుంటాయా? బడి ముందరి జాగాలో ఇళ్లు, కుంట, కొండ అంచు అన్నీ ముచ్చటగా దిగాయి. అడవి నడిమధ్య మాత్రం బోసిగా ఉండిపోయింది.

ఎందుకంటే అక్కడ గీయాలంటే వేసిన గీతలు తొక్కుతూ లోపలికి పోవాలి. ముగ్గు తొక్కే ఆడది ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఆ సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. ధనుంజయ మాత్రం పాపం అక్కడ నిజంగానే ఏమీ లేదనుకున్నాడు.

"నడిమద్దెన ఖాళీనే గదా. ఏనుగులు మీ పంటల మీదికి రాకుండా కందకం ఈడ తవ్వుదాం" అని కర్రతో అడ్డంగా చూపించాడు. "మనుషులు దాటేదానికి పలక ఏస్తాం."

అందరూ సరే సరే అన్నారు. సిద్ధమ్మకు మాత్రం గుండెలో రాయి పడింది.

ఆ ఖాళీలోనే ఉంది ఆమె దోవ. కొండ దిగితే బైరెడ్డిపల్లె వైపు ఊటకుంట అనే ఊరు. ఒక్కగానొక్క కూతురు రేవతిని ఆ ఊరికే ఇచ్చింది. మొగుడు పోయాక సిద్ధమ్మకు ఆ పిల్లే లోకం. తెల్లారి ఇంత ఊరుబిండి పచ్చడి మూట కట్టుకుని బయలుదేరితే, పొద్దు నెత్తికెక్కక ముందే మనవడిని ఎత్తుకునేది. బస్సులోనైతే కుప్పం పోవాలి, వి.కోటలో మారాలి, దిగి మళ్లీ నడవాలి, రోజంతా దానికే సరి!

కానీ ఆ దోవ ఆమె ఒక్కదానిదే కాదు. ఏనుగుల మంద కూడా అటే నడుస్తుంది. ఎన్నోసార్లు బండగుండు చాటున నక్కి, "పో సామీ, నీ దోవన నువ్వు పో" అని దండం పెట్టుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆమెకు పలక వేస్తారు. సామికి ఎవరు వేస్తారు? కందకం అడ్డమొస్తే మంద పక్కకు తిరుగుతుంది. ఆ పక్కన ఉన్నది రేవతి చేనే.

సిద్ధమ్మ కొంగు దోపుకుంది. గుప్పెడు ముగ్గు తీసుకుని పద్మం మీదుగా లోపలికి నడిచింది.

"అయ్యో, ముగ్గు తొక్కినావు గద మే!" అని పక్కింటి అంజమ్మ గుండెలు బాదుకుంది.

"తొక్కితే తొక్కినాలే" అంటూ ఈ కొస నుంచి ఆ కొసకు గీత లాగింది సిద్ధమ్మ. "ఇది సామి దోవ సార్. ఈడ తవ్వితే అది ఊటకుంట చేన్ల మీద పడతాది. నా బిడ్డ ఆడ ఉండాది."

"నువ్వెప్పుడు చూసినావమ్మా?"

"నేనూ ఆ దోవనే పోతాండాను గద."

ధనుంజయ ఆ గీత వెంబడి కర్ర ఆనించుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. తర్వాత మెత్తగా అన్నాడు: "కందకం ఇంకో తావున తవ్వుకుందాం. కానీ సామి దోవ అంటే దాంట్లో మనుషులు నడవకూడదమ్మా. నువ్వుగూడా."

"తెలుసు సార్. అట్లే కానీండి."

అనైతే అనేసింది గానీ, ఇంటికి పోయి పొయ్యి కూడా ముట్టించలేదు. కూతురి దగ్గరికి పోయే దోవను తన చేత్తో తనే మూసుకుంది మరి. తనివితీరా ఏడ్చింది.

ఊటకుంటలోనూ ఇట్లాగే పటం గీయించారు. కొన్నాళ్లకు రెండు ఊళ్లవాళ్లనూ కుప్పం పిలిపించి, కాగితాల మీదికి ఎక్కించిన రెండు పటాలనూ పక్కపక్కన పరిచారు. చంకలో బిడ్డతో రేవతి కూడా వచ్చింది. ఊటకుంట పటంలో కూడా అదే దోవ! సామి దోవ, మనుషులు నడవకూడదు అని ఆ ఊరు ముందే తేల్చేసుకుందట.

సిద్ధమ్మకు ఒళ్లు మండింది. తను మూసింది సరే, అవతలి కొస కూడా మూయడానికి వాళ్లెవరు? "ఎవురు సార్ చెప్పింది?"

రేవతి తల వంచుకుంది. "నేనే మా."

"నువ్వా! మీ అమ్మ రాకూడదని?"

"ఏనుగులుండే దోవలో ఒంటిగా వస్తాండావు. నువ్వొచ్చి చేరేదాకా నాకు కూడు దిగదు మా. వద్దంటే వినవు. ఇంకెట్ల ఆపేది నిన్ను?"

"నీ చేను నిలవాలని గదే నేను మూసింది!"

సిద్ధమ్మకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతమందిలో బాగుండదని కూడా చూడలేదు, కూతుర్ని బిడ్డతో సహా దగ్గరికి లాక్కుని భోరుమంది. రేవతీ అంతే. ధనుంజయ కాస్సేపు చూసి, పటాలు రెండూ చుట్టి పక్కన పెట్టి, వాళ్లకు టీ చెప్పడానికి బయటికి నడిచాడు.