ఒక కమాండ్ బఫర్ ఖాళీ అయిన కథ

నేను ఒక కమాండ్ బఫర్‌ని. పేరు చూసి బెదిరిపోకండి. స్కానింగ్ యంత్రంలో బొమ్మలు గీసే చిప్ ఒకటుంటుంది. ఏ బొమ్మ ఎలా గీయాలో దానికి వరసగా ఆజ్ఞలు రాసిపెట్టే కాస్త చోటును నేను. చివరిదాకా నిండితే మళ్లీ మొదటి నుంచి రాస్తారు. నాకు ఒక్క గీతా గీయడం రాదు కానీ, నేను లేకపోతే తెర మీద ఏమీ కనిపించదని లోలోపల గర్వం మాత్రం ఉండేది.

చర్లపల్లిలోని ఒక చిన్న కంపెనీలో ఇందుమతి అనే ఇంజినీరు నన్ను తీర్చిదిద్దింది. చిప్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఆమె రాసిందే. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసుకునే రకం మనిషి. "ఈ ఆజ్ఞ అయిపోయింది" అని చిప్ కబురు పంపితే తప్ప ఆ చోటును ఎవరూ ముట్టుకోకూడదని కట్టడి చేసింది. పంక్తి భోజనాల్లో తినేవాళ్లు విస్తరి మడిస్తేనే కదా ఎత్తేది! మర్యాదైన పద్ధతే. కానీ తినేవాడు మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే ఆ విస్తరి ఎవరు మడవాలో ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు లెండి.

మొదటి యంత్రంతో పాటు మిర్యాలగూడలో ఒక ఆసుపత్రికి చేరాను. పనితీరు చూడటానికి ఇందుమతి కూడా వచ్చింది. మే నెల, గదిలో ఏసీ పనిచేయడం లేదు. బల్ల మీద సైదమ్మ, మూడో నెల గర్భిణి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదట. తెర మీద మినపగింజంత గుండె టపటపా కొట్టుకుంటుంటే కళ్లార్పకుండా చూస్తోంది.

ఆ వేడికి చిప్ బిగుసుకుపోయింది. డ్రైవర్ దాన్ని రీసెట్ చేసింది. లేచిన చిప్‌కు వెనకటి సంగతి ఒక్కటీ గుర్తు లేదు. నాలో ముప్పాతిక వంతు పాత ఆజ్ఞలే, వాటికి "అయిపోయింది" అనే కబురు ఇక ఎన్నటికీ రాదు. వాటి వెనక చేరిన కొత్తవీ ఇరుక్కున్నాయి. క్షణంలో నిండిపోయాను. తెర మీద చివరి బొమ్మ అలాగే నిలిచిపోయింది.

"గుండె ఆగిందేంది మేడం? నా బిడ్డ గుండె ఆగింది!" అని స్కాన్ తీస్తున్న డాక్టరమ్మను చూసి సైదమ్మ అరిచింది. ఆగింది గుండె కాదమ్మా, నేను అని చెప్పడానికి నాకు నోరేదీ? డాక్టరమ్మ పాత యంత్రం తెప్పించి గుండె చప్పుడు వినిపించేదాకా ఆ తల్లి ప్రాణం ఆమెలో లేదు. ఇందుమతి గోడకు ఆనుకుని ఏడ్చింది. నా గర్వం అక్కడితో సరి.

కంపెనీకి తిరిగొచ్చాక మేనేజర్ రంగనాయకులు గారు తేలిక దారి చెప్పారు. "రీసెట్ కాగానే అన్నీ పూర్తయ్యాయని రాసి పడేయమ్మా. చోటు ఖాళీ అవుతుంది, గొడవా వదులుతుంది."

"గీయని బొమ్మను గీశామని ఎలా రాస్తామండీ? కొత్తది వచ్చేలోపు రెండు సెకన్లు పాత బొమ్మే నిలబడి ఉంటుంది. ఆ తల్లికి ఒక్క సెకను చాలదా?" అంది ఇందుమతి.

పెద్దవాళ్లకు ఓడిపోవడం కంటే ఒప్పుకోవడం కష్టం. ఆయన ఒప్పుకోలుగా ఇద్దరికీ టీ తెప్పించారు.

నాలుగు రోజులు కూర్చుని ఆమె పద్ధతి మార్చింది. ఇప్పుడు చిప్ మరిచిపోయిన ఆజ్ఞలన్నిటికీ డ్రైవరే "విఫలం" అని ముద్ర వేసి, ఆ చోటంతా తిరిగి తీసుకుంటుంది. ముందు తెర తుడుస్తుంది, జరిగింది దాని మీదే రాస్తుంది, ఆ తర్వాతే కొత్త బొమ్మ. పోయినదాన్ని పోయిందని ఒప్పుకున్నాకే నాకు ఊపిరాడింది.

జూన్‌లో, కొత్త పద్ధతి పనితీరు చూడటానికి ఇందుమతి ఆసుపత్రికి వెళ్లిన రోజే సైదమ్మ మళ్లీ స్కానింగ్‌కు వచ్చింది. తల గోడవైపు తిప్పేసుకుంది.

"నేను జూడ మేడం. మీరే జూసి చెప్పుండ్రి" అంది డాక్టరమ్మతో.

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు తప్పు నాదమ్మా. మీ బిడ్డకేమీ కాలేదు."

సైదమ్మ మెల్లగా తల తిప్పింది. సరిగ్గా అప్పుడే చిప్ మళ్లీ బిగుసుకుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తెర తెల్లబడి, దాని మీద తెలుగు అక్షరాలు పడ్డాయి. సైదమ్మ ఇందుమతి చెయ్యి నలిపేస్తూ కూడబలుక్కుని చదివింది. "యంత్రం... ఆగింది. బొమ్మ... మళ్లీ... తీస్తున్నాం."

ఊపిరి వదిలింది.

"మిషినే గద ఆగింది! ఆగనీ తియ్యి."

ఆమె మాట ముగిసేసరికి నాలో చోటు ఖాళీ అయింది, కొత్త ఆజ్ఞలు చేరాయి, తెర మీద గుండె కొట్టుకుంటోంది.