కోడలి నోట రాని పేరు

పొద్దున్నే ఫోను చేసింది అక్క కూతురు నాజిక్.

"పిన్నీ, అమ్మకి మెలకువ వచ్చింది. గొంతులో గొట్టం పెట్టారు, మాట్లాడలేదు. కానీ అన్నీ వింటోంది, తల ఊపుతోంది. నీ పేరు చెబితే కళ్లు పెద్దవి చేసి చూసింది. మధ్యాహ్నం మళ్లీ మత్తు ఇస్తారట. ఆ తర్వాత లేస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఆ లోపల వీడియోలో కనిపించు పిన్నీ."

బత్మా కిటికీలోంచి కనుమ వైపు చూసింది. మొన్న రాత్రి మంచు విరిగి దారి మీద పడింది. రాజధాని ఆస్పత్రికి వెళ్లే దారి అదొక్కటే. లారీ తోలే కొడుకు తిలేక్ కూడా కొండ అవతలే చిక్కుకుపోయాడు, ఫోను అందడం లేదు. ఊళ్లో ఉన్న ఒక్క టవరూ మాటయితే మోస్తుంది గానీ బొమ్మ మోయలేదు.

పోయే మనిషీ ఉండే మనిషీ ఒకరితో ఒకరు చెప్పుకోవలసిన మాట ఒకటుంది. నీ మీద నాకేమీ లేదు, నా మీద నీకేమీ ఉంచుకోకు అని. అది చెప్పుకోకుండా మట్టిలోకి వెళితే వెళ్లినవాళ్లకీ బరువే, మిగిలినవాళ్లకీ బరువే. బత్మాకీ అక్క కాలిపాకీ మధ్య ఆ మాట లేదు. ఇప్పుడు అక్క తల ఊపి మాత్రమే ఆ మాట చెప్పగలదు, అది ఫోనులో వినపడదు, కళ్లతో చూడాలి. తల్లి పోయినప్పుడు బత్మా వెళ్లలేదు. గొర్రెలు ఈనే రోజులు, కోడలు గడప దాటితే పని ఎవరు చూస్తారని మామగారు అన్నారు. ఆమె గడప దాటలేదు. నలభయ్యో రోజు భోజనాలయ్యాక కాలిపా కబురు పంపింది: "అమ్మతోపాటు చెల్లెల్ని కూడా పాతిపెట్టాను."

అప్పటికి బత్మా ఒళ్లో తిలేక్ పాలు తాగే పిల్లవాడు. ఇప్పుడు వాడి భార్య ఎల్జిరా కడుపుతో ఉంది.

"అయిదు నిమిషాల పని అత్తయ్యా. టెలిఫోను తీగకి మోడెం ఎప్పటినించో ఉంది కదా, ఆయన కంప్యూటరుకి పెట్టుకున్నది. ఆ కంప్యూటరుకి కెమెరా లేదు గానీ, మోడెంకి ఈ రౌటరు తగిలిస్తే తీగ లేకుండానే ఫోనుకి నెట్టు వస్తుంది. బజారు నించి తెచ్చి నెలైంది, డబ్బా విప్పడమే బద్ధకమైంది" అంది ఎల్జిరా.

దుప్పట్ల దొంతర పక్కన పెట్టె మీద రెండింటినీ పక్కపక్కన పెట్టింది. మోడెం వెనక ఒక బొక్కలోంచి పొట్టి తీగ తెచ్చి, రౌటరుకి విడిగా నీలం రంగులో ఉన్న బొక్కలో దూర్చింది. టక్కుమంది. రౌటరు అడుగున అంటించిన కాగితం మీది పేరూ రహస్య అంకెలూ చూసి ఫోనులో కొట్టింది. ఫోను రౌటరుకి కలిసింది. నెట్టు మాత్రం రాలేదు.

"కొత్తది పెట్టినప్పుడు వెనక చిన్న రంధ్రంలో సూదితో నొక్కి పట్టుకోమని కాగితంలో ఉంది" అని ఎల్జిరా సూది తీసింది. రౌటరుకి నొక్కింది. ఎందుకైనా మంచిదని మోడెంకీ నొక్కింది.

మోడెం దీపాలన్నీ ఆరి, మళ్లీ వెలిగాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా ఉండిపోయింది.

"ఏమైందే?"

"దీనికి అన్నీ మరపుకొచ్చాయి అత్తయ్యా. టెలిఫోను కంపెనీవాళ్లు ఇచ్చిన రహస్య అక్షరాలూ అంకెలూ దీంట్లోనే ఉండేవి, పోయాయి. వాళ్లనే అడగాలి." ఎల్జిరా సూది పక్కన పడేసింది. కంపెనీకి ఫోను కలిపి, పాట వింటూ వరసలో నిలబడింది. చివరికి ఒకమ్మాయి పలికింది.

"ఈ లైను ఎవరి పేరున ఉంది అక్కా?"

"మా ఆయన తాతగారి పేరున. ఆయన పోయి చాలా కాలమైంది."

"పోయినా పరవాలేదు. పేరు చెప్పండి, మీ వివరాలు ఇచ్చేస్తాను."

ఎల్జిరా నోరు తెరిచింది. బత్మా చెయ్యి వచ్చి ఆ నోటి మీద పడింది.

"వద్దు. కడుపుతో ఉన్నదానివి. ఈ కప్పు కింద ఏ కోడలూ ఆ పేరు పలకలేదు."

పెళ్లయి వచ్చిన నాటి నించి బత్మా మామగారి పేరు పలికి ఎరగదు. వాళ్ల భాషలో ఆ పేరుకి పొట్టేలనే అర్థం ఉందని పొట్టేలుని కూడా పొట్టేలనేది కాదు, కొమ్ములది అనేది. పిల్లలు నవ్వేవాళ్లు. మామగారు మాత్రం నలుగురిలో చెప్పుకుని మురిసేవారు, కోడలంటే నా కోడలని.

బత్మా ఫోను అందుకుంది. "అమ్మాయీ, పేరు నీ ఎదురుగానే ఉంటుంది కదా. నువ్వు చదువు, నేను అవునంటాను."

"నేను చదివి మీరు అవునంటే నా ఉద్యోగం పోతుందమ్మా. నేనూ ఒకింటి కోడలినే, మీ ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఈ కంప్యూటరు ఎవరింటి కోడలూ కాదు. పేరు చెబితేనే కదులుతుంది."

"అయితే ఆగు. మగవాళ్లెవరినైనా తీసుకొస్తాను."

"ఆగితే లైను తెగిపోతుందమ్మా. మళ్లీ వరసలో మొదటినించి..."

బత్మా అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది. మామగారి తమ్ముడి కొడుకు సాదిర్ ఇల్లు వీధి చివర. మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్లింది. సాదిర్ భార్య తోతుయా పొయ్యిలో పిడకలు పెడుతోంది.

"ఆయన లేడే. దారి తవ్వడానికి మగవాళ్లంతా తెల్లారకముందే పోయారు. పొయ్యి దగ్గరికి రా, టీ తాగు."

"టీ కాదు. నువ్వే వచ్చి ఫోనులో పెద్దాయన పేరు చెప్పు. ఒక్క మాట."

తోతుయా నవ్వింది. "బాగుంది సంబడం. నాకు మాత్రం ఆయన మామగారు కాడా? మడంతా నీ ఒక్కదానికేనా? ఇంకెవరి దగ్గరికి పోతావు, ఊళ్లో మిగిలిందంతా కోడళ్లమే. పోనీ కొమ్ములాయన అని చెప్పి చూడు, ఒప్పుకుంటారేమో."

"అక్క చచ్చిపోతోందే" అంది బత్మా.

తోతుయా చేతిలో పిడక చేతిలోనే ఉండిపోయింది. "అయితే ఇక్కడ నా మొహం చూస్తూ నిలబడ్డావేం? పో. పోయి నువ్వే చెప్పు. తప్పయితే నా నెత్తిన కూడా సగం వెయ్యి."

బత్మా బయటికి వచ్చింది. ఎండ అప్పుడే పడమటి కొండ వైపు తిరిగింది. వచ్చేటప్పుడు పడ్డ తన అడుగుల్లోనే కాళ్లు వేస్తూ ఇల్లు చేరింది.

ఎల్జిరా మళ్లీ వరసలో నిలబడి ఉంది. ఫోనులో అదే పాట. నాజిక్ రెండుసార్లు చేసిందని చెప్పింది.

"ఎవరూ దొరకలేదా? నేను చెప్పేస్తాను అత్తయ్యా. నాకేమీ కాదు."

"నువ్వు కాదు."

పాట ఆగింది. వేరే అమ్మాయి పలికింది. బత్మా తలగుడ్డ సర్దుకుని, గోడ మీద మామగారి ఫొటో ఉన్న వైపుకి వీపు పెట్టి నిలబడింది.

"కొచ్కోర్‌బాయ్" అంది.

"వినపడలేదమ్మా. గట్టిగా చెప్పండి."

ఇంకోసారి చెప్పింది. ఈసారి గోడలకి కూడా వినపడింది. సంతలో ఎవరినో కేకేసినట్టుంది. ఏమీ కాలేదు. పొయ్యిలో పిడక ఒకటి విరిగి కిందికి జారింది, అంతే.

అమ్మాయి చెప్పిన అక్షరాలూ అంకెలూ ఎల్జిరా ఒక్కొక్కటే ఫోనులో కొట్టింది. మోడెం మీద ఎర్రదీపం కాసేపు ఊగిసలాడి పచ్చగా మారింది. ఆ పక్కనే రౌటరు మీదా పచ్చదీపాలు వరసగా లేచాయి. ఎల్జిరా నాజిక్‌కి వీడియో కలిపింది.

తెర నిండా నాజిక్ మొహం వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

"ఎక్కడికి పోయావు పిన్నీ? పొద్దుటినించీ ఫోను నా చేతిలో ఉంటే, దాని మీదినించి చూపు తిప్పలేదు అమ్మ. డాక్టరు రెండుసార్లు వచ్చి ఇక ఆగలేమన్నాడు. ఇందాకే మత్తు ఇచ్చారు."

"చూపించు."

ఫోను తిరిగింది. తెల్లటి దిండు మీద కాలిపా. జుట్టంతా నెరిసిపోయింది. మొహం అచ్చం అమ్మ మొహంలా ఉంది. అది బత్మా ఊహించలేదు. అమ్మ చివరి మొహం తాను చూడలేదు కదా, ఇలాగే ఉండి ఉంటుంది. నోట్లో గొట్టం. పక్కన యంత్రం ఊపిరి తోస్తోంది, తీస్తోంది.

"అక్కా" అంది బత్మా. "నేను. బత్మాని. రావలసినప్పుడు రాలేదు. ఇవాళ కూడా ఆలస్యం చేశాను. నీ మీద నాకేమీ లేదు. నా మీద నువ్వు ఏమీ ఉంచుకోకు. విన్నావా? వింటే ఒక్కసారి తల ఊపు."

యంత్రం తోసింది. దిండు మీద తల కొంచెం, చాలా కొంచెం కదిలింది.

"ఊపింది అత్తయ్యా" అంది ఎల్జిరా బత్మా భుజం పట్టుకుని. "చూశారా, ఊపింది."

యంత్రం తీసింది. తల మళ్లీ కదిలింది. మళ్లీ తోసింది. మళ్లీ కదిలింది.

"అది యంత్రం, తల్లీ" అంది బత్మా.

అయినా ఫోను దించలేదు.