జడ్జీలకు చూపించే మైదానం

మా ఆయన పేరు మ్వానికి. ఫోన్ మోగినప్పుడు ఆయన తలకు సబ్బు రుద్దుతూ పడీపడీ నవ్వుతున్నాను. పెళ్లయి ఇంకా నెల కాలేదు. నకూరులో ఇళ్లు కాలిపోయినవాళ్ల శిబిరంలో ఒకే గుడారం మాది. మధ్యలో కట్టిన పూల గుడ్డకు ఇవతల మేం, అవతల అత్తయ్య న్యాకియో.

ఫోన్‌లో ఎన్నికల అల్లర్ల విచారణ సంఘం గుమాస్తా. గురువారం జడ్జీలు శిబిరానికే వచ్చి అత్తయ్య సాక్ష్యం వింటారట!

"అత్తయ్యా, నీ పేరు పిలిచారు!"

అత్తయ్య మొక్కజొన్నలు ఒలుస్తూనే ఉంది. "నా పేరుదేముందే పిల్లా. వాడి పేరు నేను చెప్పాలి."

వాడంటే మా వార్డు కౌన్సిలర్. ఎన్నికల ఫలితం చెప్పిన సాయంత్రం గుంపుకు మావయ్య వడ్రంగి కొట్టు చూపించి, మా తెగ పేరెత్తి, "కికుయులది. ముందు దీన్ని అంటించండి" అన్నాడు. మావయ్య లోపలే ఉన్నాడు. అత్తయ్యనీ మ్వానికినీ తన మేకల కొట్టంలో దాచిన పొరుగింటి చెబెట్‌దీ కౌన్సిలర్ తెగే.

మ్వానికి తల మీద బొచ్చె బోర్లించుకుని జడ్జీ అయ్యాడు. "సాక్షి నిజమే చెప్పవలెను!"

"ముందు ఆ చెవిలో సబ్బు కడుక్కోరా దొరా," అంది అత్తయ్య. ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు.

బుధవారం మధ్యాహ్నం జిల్లా అధికారి మైకు పట్టుకుని వచ్చాడు. "శుభవార్త! రేపు తెల్లవారగానే అందరూ లారీల్లో సొంత ఊళ్లకు! ఇంటికో పార, బస్తా పిండి!"

"రేపు జడ్జీలు వస్తున్నారు కదా సార్?" అన్నాను.

"అందుకేనమ్మా. శిబిరం ఖాళీ అయింది, జనం హాయిగా ఇళ్లకు చేరారు అని వాళ్లు కళ్లారా చూడొద్దూ?"

"మాకు ఇల్లు లేదు సార్. బూడిదుంది."

"కొత్త పెళ్లికూతురివి, కొత్తిల్లు కట్టుకో," అని నవ్వాడు. పక్కనున్న పోలీసులూ నవ్వారు.

గుమాస్తాకు ఫోన్ చేశాను. "శిబిరమే లేకపోతే జడ్జీలు అక్కడ ఆగరమ్మా. సాక్షి హాజరు కాలేదని రాసుకుంటాం," అన్నాడు మర్యాదగా.

సాయంత్రానికి గుడారాలన్నీ పీకేశారు. మా పూల గుడ్డ మడతపెడుతుంటే ఏడుపొచ్చింది. మ్వానికి నా చెయ్యి వదల్లేదు.

అత్తయ్య మాత్రం మూడుకాళ్ల పీట తుడుస్తూ కూర్చుంది. మావయ్య చేతి పనిలో మిగిలింది అదొక్కటే.

"రేపు మీరిద్దరూ లారీ ఎక్కండి. ఆ పిండి తీసుకోండి, వాళ్లకెందుకు వదలాలి?" అంది. "నేను మైదానం నడిమధ్యన ఈ పీటేసుకుని కూర్చుంటాను. అంతా శుభ్రం చేశారుగా, జడ్జీలకు దూరం నుంచే కనిపిస్తాను."